అనుభవం అడ్డొచ్చిన చోట

కథల గురించి మాట్లాడుకునేటప్పుడు మనందరికీ నోటికొచ్చే మెచ్చుకోలు ఒకటుంది: "అనుభవించి రాశాడు." నేనూ చాలాసార్లు అన్నాను. గాస్టన్ బాష్‌లార్‌ని చదివాక మాత్రం ఆ మాట అంత తేలిగ్గా రావడం లేదు.

1884లో పుట్టిన ఈ ఫ్రెంచి తత్త్వవేత్త మొదట పోస్టాఫీసు ఉద్యోగి. తర్వాత సొంతూరు బార్-స్యూర్-ఓబ్‌లో పిల్లలకి ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పాడు. సైన్సు మనసు ఎలా తయారవుతుందో చెప్తూ 1938లో ఆయన తెచ్చిన పుస్తకంలో ఆ పంతులు కనిపిస్తూనే ఉంటాడు. చెక్కముక్కని నీళ్లలోకి నొక్కితే ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరిగేది చెక్కే అనిపిస్తుంది, నీళ్లని అనుమానించం. చేతికి తెలిసిన ఆ 'నిజం' కదలనంతవరకూ ఆర్కిమిడీస్ సూత్రం బుర్రకెక్కదు. అంటే పిల్లవాడు క్లాసుకి ఖాళీ బుర్రతో రాడు. ముందు ఉన్నదాన్ని కూల్చాలి. అందుకే జ్ఞానానికి మొదటి అడ్డంకి మొదటి అనుభవమే అంటాడు బాష్‌లార్.

మాట కూడా అడ్డంకే. పద్దెనిమిదో శతాబ్దంలో రెయోమ్యూర్ గాలిని స్పాంజితో పోల్చాడు. స్పాంజి అందరికీ తెలిసిందే కాబట్టి గాలి కూడా తెలిసిపోయినట్టే! పోలిక దొరగ్గానే ప్రశ్న ఆగిపోయింది. మన సమీక్షల్లో ఇలాంటి స్పాంజీలు ఎన్నో.

ఇక్కడే నాకో పేచీ ఉంది. దళిత, స్త్రీవాద రచయితలు అనుభవాన్నే సాక్ష్యంగా నిలబెట్టారు. వాళ్లతో "మీ అనుభవమే అడ్డంకి" అనడం ఎంత దారుణం! ఎవరి అనుభవం అనే ప్రశ్న నాకు ఈ పుస్తకంలో దొరకలేదు. అది దీని లోటే. కానీ ఆలోచిస్తే, ఆ రచనలు కూల్చింది ఎవర్ని? "ఇల్లన్నాక ఇంతే, ఊరన్నాక ఇంతే" అనుకునే మన తీరుబడి అనుభవాన్ని. బాష్‌లార్ అనుమానించేది కూడా సరిగ్గా దాన్నే.

విచిత్రమేంటంటే, అదే 1938లో ఆయన నిప్పు మీద ఇంకో పుస్తకం తెచ్చాడు. చలికాలం పండగల్లో నాన్న బ్రాందీకి మంట వెలిగించడం అందులో ఎంతో ముచ్చటగా గుర్తు చేసుకుంటాడు. ప్రయోగశాలలో పనికిరానిదాన్ని పారేయకుండా కలల గదిలో దాచుకున్నాడన్నమాట. ఆ రెండు గదుల మధ్య గోడ మరీ మందంగా కట్టాడేమో అని నా అనుమానం. మంచి కథ ఆ గోడ దూకుతుంది కదా.

అందుకే ఇప్పుడెవరైనా "అనుభవించి రాశాడు" అంటే, "సరే, ఆ అనుభవం మీద తనకి ఒక్కసారైనా అనుమానం వచ్చిందా?" అని అడుగుతున్నాను. ముందుగా నా పాత సమీక్షల్నే.