సంగవిజయ మెవరిది?

ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు రాయవేలూరు చెఱసాలలో నుండగా వ్రాసిన 'మాలపల్లి' 1922లో అచ్చయినది. దానికి 'సంగవిజయము' అను రెండవ పేరు గలదు. ఆ పేరులో సంగదాసు అను పాత్రయు వినబడుచున్నాడు. పదిమంది కూడిక యను నర్థమును వినబడుచున్నది. నాటి మద్రాసు ప్రభుత్వము ఈ గ్రంథమును నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదప గాని ఆ కట్టు పూర్తిగా వీడలేదు. నేటికిని పెక్కుమంది దీనిని దీనులయెడ జాలి పుట్టించు నవల యని మెచ్చుకొనుచున్నారు. ఆ మెప్పు చాలదని మా యభిప్రాయము. జాలికథకు ఏ ప్రభుత్వమును జడియదు. ఈ నవల అడిగినది వేఱొక ప్రశ్న: పుట్టుకయు, ఆస్తియు, మాటతీరును వేఱువేఱైన మనుష్యులు కలసి పనిచేయవలెనన్న, ఆ కలయికకు షరతు లెవరు నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్న పుట్టిన నేలను ముందుగా చూడవలెను. పంతులుగారు సత్తెనపల్లి ప్రాంతపు వేములూరుపాడున జన్మించినవారు. గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడిలో ప్రత్తిగాని, మిరపగాని ఒక్కచేతి పంట కాదు. నారు పోయువా డొకడు, నాటువారు కొందఱు, కలుపు తీయువారు మఱికొందఱు. పండిన కాయ నొక్కనాడే కోయుటకు వీలులేదు. విడతలు విడతలుగా కోయవలెను. దానిని కళ్లమున నెండబెట్టి, తాలుకాయ నేఱివేసి, గోతాముల కెత్తి, బండికో లారీకో చేర్చవలెను. ప్రత్తి తీతయు నటువంటిదే. అందు స్త్రీల చేతులే యెక్కువ. కావున ఈ సీమవారికి కలసి పనిచేయుట నేర్పవలసిన పని లేదు. చేలో వారెల్లప్పుడును కలసియే పనిచేసిరి. చేను దాటిన పిదప కలసి కూర్చుండలేదు. ఒక్కబావిలో నీరు తోడుకొనలేదు. కూలి యెంత యని కలసి నిర్ణయింపలేదు. 'మాలపల్లి' వ్రేలు పెట్టి చూపినది ఈ లోటునే.

సంగదాసు చౌదరయ్య యింటి పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు అతనికి ప్రాణమిత్రుడు. ఆ స్నేహమును పంతులుగారు మిక్కిలి మక్కువతో చిత్రించిరి. కాని కూలి తగవు వచ్చినపుడు సంగదాసు కూలివారి పక్షమున నిలిచెను. చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణములు విడిచెను. మిత్రుని స్నేహము తండ్రి చేతి నాపలేకపోయెను. గ్రంథమంతటిలో మాకు గొప్పగా తోచిన పట్టు ఇదియే. ఇద్దఱు మంచివారు ఒకరినొకరు ప్రేమించినంతమాత్రమున ఊరు మాఱదని రచయిత నిర్మొగమాటముగా చెప్పెను. కూలి న్యాయముగా నిర్ణయమైనగాని, ఆ నిర్ణయమున కూలివానికి మాట చెల్లినగాని, స్నేహము ఇద్దఱి సుఖముగనే మిగిలిపోవును.

రెండవ గుణము పాత్రలలోని వైవిధ్యము. దళితు లనగా నందఱును ఒకే మూసలో పోసిన అమాయకులని తలచు రచనలు సంస్కరణ సాహిత్యమున తక్కువ లేవు. రామదాసు గుడిసెలో నట్లు లేదు. తండ్రి తత్త్వచింతనయందు మునిగినవాడు. కొడుకు సంగదాసు శాంతముతో జనమును కూడగట్టువాడు. పెద్దకొడుకు వెంకటదాసు తమ్ముని చావు చూచి ఆ త్రోవను విడిచి, తక్కెళ్ల జగ్గడను పేర ధనికులను దోచి పేదలకు పంచువాడు. ఒక్క యింట మూడు త్రోవలు! రచయిత ఎవరిని మెచ్చుచున్నాడో మనకు తెలియుచునే యుండును. అయినను మిగిలినవారిని తక్కువచేసి మాటాడింపడు. భాషయందును ఇదే నీతి. గుంటూరుసీమ పల్లెల వాడుకమాటను నవల పుటలలోనికి రానిచ్చి, ఎవరి నోటిమాటను వారికే యుంచెను. ఒకరి భాషను దిద్ది మనవలె పలికించిన పిదప, వారితో మాటాడితి మనుకొనుట భ్రమ గదా!

ఇక లోపములు. ఉపన్యాసములు పెక్కుచోట్ల కథను మ్రింగుచున్నవి. దీనిని పలువురు చెప్పియే యున్నారు. మా యాక్షేపణ అంతకంటె లోతైనది. సంగదాసు చంపబడెను, వెంకటదాసు చెఱలో మరణించెను. సంగదాసు పేర సంగపీఠము వెలసెను. పేరు గలవాడు దానిని చూచుటకు లేడు. ఒక పక్షమువారు ప్రాణము లిచ్చిరి. రెండవ పక్షమువారు పశ్చాత్తాపమును, చేయూతను ఇచ్చిరి. ఈ రెంటి వెల సమానమా? రామానాయుని వంటి కొడుకు పుట్టని ఊరిలో ఈ విజయ మెట్లు కలుగును? ఈ ప్రశ్నకు నవలలో సమాధానము లేదు.

లేదని ఈ నేలయే సాక్ష్యము చెప్పినది. నవల వెలువడిన 63 ఏండ్లకు, 1985 జూలై 17న, చీరాల చెంతనున్న కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడిరి. ఆ ఘోరమునకు మొదలు త్రాగునీటి చెరువు వద్ద పుట్టిన మాట. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు చంపబడిరి. ఆ యూళ్ల పొలములలోను అంతవఱకు అందఱును కలసియే పనిచేసిరని మఱువరాదు. పనిలో అవసరమైన మనిషి నీటికడ అక్కఱలేనివాడగుటయే ఇందలి విషము.

'మాలపల్లి' ప్రక్క నుంచి చదువవలసిన గ్రంథ మొకటి గలదు. వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువాగారు 1941లో 'గబ్బిలము' వెలువరించిరి. అందు గుడిలోనికి పోరాని మనుష్యుడు, గుడిచూరున వ్రేలాడు గబ్బిలము చేత శివునకు తన మొఱ పంపుకొనును. పంతులుగారు గడపకు ఈవలనుండి ఆవలి వారిని గూర్చి వ్రాసిరి. జాషువాగారు ఆవలనుండి తామే పలికిరి. మొదటి గ్రంథము లేనిచో, ఈవలి వారు తమ తప్పును తమవాని నోట వినియుండరు. రెండవది లేనిచో, ఆవలి వారి మాట ఎప్పటికిని పరుల నోటిదిగనే యుండెడిది. ఒకే సీమ, ఒకే భాష, రెండు కంఠములు. ఒకటి రెండవదానికి ప్రతి కాదు. సాహిత్యమున కలసి పనిచేయుట యనగా ఇదియే.

పంతులుగారును, వారి భార్య లక్ష్మీబాయమ్మగారును గుంటూరున శారదానికేతనమును నడిపి స్త్రీవిద్యకై పాటుపడిరి. పుస్తకమున చెప్పినదానికి ఇల్లు దూరము కాదని వారెఱుగుదురు. చదువరులును 'మాలపల్లి'ని అల్మారాలో గౌరవముగా నుంచి ఊరకుండరాదు. తమ చేలో కాయ కోయువారికి కూలి నిర్ణయించునాడు వారిని కూర్చుండబెట్టి యడిగిరా? తమ గడపలో వారు త్రాగు గ్లాసు వేఱుగా నున్నదా? ఈ రెంటికిని ఇంటివారు నిజము చెప్పుకొన్న పిదప ఆ నవలను మఱల చదివినచో, సంగదాసు చావు ఏనాటిదో గడచిన కథగా తోచదు. దాని గొప్పతనమును, కొఱతయు నపుడే సరిగా తెలియును.