మంగళవారం క్షవరం

మా కాలనీవాళ్లం హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక నిరాశ్రయుల షెల్టర్‌కి మొదటిసారి దుప్పట్లతో వెళ్లాం. డిసెంబరులో అందరూ తెచ్చేవి అవే. కేర్‌టేకర్ నవ్వి బీరువా తెరిచాడు. పైనుంచి కిందిదాకా దుప్పట్లే. ‘‘వీటిని ఉతికేవాళ్లు ఎవరన్నా ఉన్నారా సార్?’’ అన్నాడు.

ఈ పనిలో నా అక్షరాభ్యాసం అది. దుప్పట్లు వెనక్కి మోసుకొచ్చి, మా వీధి చివరి లాండ్రీ అతన్ని అడిగాను. ‘‘మధ్యాహ్నం మిషన్ ఖాళీగనే ఉంటది, పంపున్రి. సబ్బు ఖర్సు మీది’’ అన్నాడు.

ఢిల్లీ చలిలో ఫుట్‌పాత్‌ల మీద మరణాలు చూశాక, 2010లో సుప్రీంకోర్టు లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు మనిషికి 50 చదరపు అడుగులని లెక్కగట్టాయి. నిర్వహణ స్వచ్ఛంద సంస్థలకు అప్పగించవచ్చన్నాయి. అంతా బాగానే ఉంది. నల్లుల మందు, తాళంకప్ప, నెయిల్‌కట్టర్ ఎవరు కొనాలో మాత్రం ఇరుగుపొరుగే చూసుకోవాలి.

తిండి సంగతీ అంతే. జీహెచ్‌ఎంసీ హరేకృష్ణ సంస్థతో కలిసి 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం మధ్యాహ్నానికి ఆసరా. ఇబ్బంది రాత్రిపూటే. దగ్గర్లోని ఫంక్షన్‌హాల్ నుంచి బిర్యానీ డేగిసా వచ్చేది, పదకొండున్నరకు! తెల్లవారుజామున లేచి కూలీల అడ్డాకు పోవాల్సినవాళ్లు నిద్రకళ్లతో లేచి తినేవారు. పెళ్లివారిని ఏమనగలం? హాల్ మేనేజర్‌ని బతిమాలితే, మొదటి బంతి లేచేసరికే ఒక గిన్నె పక్కకు తీయిస్తున్నాడు. ఇప్పుడు ఎనిమిదిన్నరకు వేడిగా వస్తోంది. నేను చేసిందల్లా రెండు ఫోన్లు.

మంగలి విషయంలో మాత్రం బోల్తాపడ్డాను. మంగళవారం షాపు బందు, ఆ రోజు ఉచితంగా వస్తానన్నాడు. సంబరంగా కుర్చీ, అద్దం సర్దాను. ఒక్కరూ రారే! మంగళవారం క్షవరమేమిటని మొహాలు చూసుకున్నారు. ఇల్లు లేకపోతే పట్టింపులూ ఉండవని నేనెలా అనుకున్నానో! చివరికి ఒక పెద్దాయన లేచి, ‘‘ఇంకేం బోతది నాది? కానియ్యి’’ అంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు మంగలి బుధవారం తెల్లవారకముందే, అందరూ అడ్డాకు పోయేలోపు వస్తున్నాడు. పెద్దాయన ఒక్కడికీ మంగళవారమే. ఆ రోజైతే లైనుండదట.