నడుం వాల్చే కథలు

మన తెలుగులో మగవాళ్ళు విశ్రాంతి తీసుకుంటారు. ఆడవాళ్ళు నడుం వాలుస్తారు. రెండూ ఒకటేనని నిఘంటువు అనుకుంటే అనుకోనివ్వండి. ఒకటి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. విశ్రాంతికో మర్యాద వుంది, ఓ పడకకుర్చీ వుంది, "నాన్నగారు పడుకున్నారు, గోల చెయ్యకండి" అనే కాపలా వుంది. నడుం వాల్చడానికి చాప కూడా అక్కర్లేదు. చెయ్యి తలకింద పెట్టుకుని, ఒక చెవి స్టవ్ మీద గిన్నెకీ, రెండో చెవి వీధి తలుపుకీ అప్పగించి, ఓ పదినిమిషాలు. ఆ పదినిమిషాల్లోనూ ఎవరైనా వస్తే, "అబ్బే, పడుకోలేదండీ, వూరికే అలా..." అంటూ కొంగు సర్దుకుని లేవడం! పగలు పడుకున్న ఆడదానికి సంజాయిషీ తప్పదు మరి.

ఈ నడుం వాల్చడం గురించి మన కథలు ఏం చెప్పాయా అని మూడు కథలు వరసపెట్టి చదివాను. రెండు అబ్బూరి ఛాయాదేవిగారివి - 'సుఖాంతం', 'తన మార్గం'. మధ్యది పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే'. మీలో చాలామంది చదివే వుంటారు. విడివిడిగా చదివినప్పుడు మూడూ మంచి కథలే. కలిపి చదివితే మాత్రం నాకో పేచీ తోచింది. అది చివర్లో చెప్తాను.

'సుఖాంతం' యాభై ఏళ్ళకి పైబడిన కథ. ఇతర భాషల్లోకీ వెళ్ళింది. అందులో కోరిక ఒక్కటే, నిద్ర. మేడలు కాదు, నగలు కాదు, కంటినిండా నిద్ర. చిన్నతనం నుంచీ ఆ మనిషికి అది దొరకదు. ఏ వయసులో నిద్ర ఆ వయసులో ఎవరో ఒకరు చెడగొడుతూనే వుంటారు. వాళ్ళలో ఎవరూ దుర్మార్గులు కారు, చూశారా! అదే ఆ కథలో గొప్ప. అత్తగారు వాతలు పెట్టదు, మొగుడు తాగొచ్చి కొట్టడు. అందరూ మామూలు మనుషులే, అందరికీ ఆవిడతో మామూలు పనులే. ఆ మామూలు పనుల కింద ఒక జీవితకాలం నిద్ర నలిగిపోతుంది. ఆఖరికి ఆవిడ నిద్రమాత్రల్ని ఆశ్రయిస్తుంది. పైన పేరేమో 'సుఖాంతం'!

ఆ పేరు దగ్గర ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. వెక్కిరింపు అలా వుండాలి, గట్టిగా అనకుండా. కానీ కథ మూసేశాక ఒక ఆలోచన వదలదు. ఇన్ని పేజీలు నిద్రకోసం అంగలార్చిన మనిషికి రచయిత్రి ఇవ్వగలిగిన పక్క అదొక్కటేనా? ఆ రోజుల్లో అదే నిజం కావచ్చు. తప్పు పట్టడం లేదు. అయితే అలిసిపోయిన ఆడదానికి చావే విశ్రాంతి అనే మాట మన ఇళ్ళల్లో కథ రాకముందు నుంచీ వుంది. "ఇంక కాటికి పోయాకే నాకు తీరిక" అని మన అమ్మమ్మలు అన్నమాటే కదూ! ఛాయాదేవిగారు దాన్ని ఎత్తి వెలుతుర్లో పెట్టారు. మనం చదివి, కళ్ళు తుడుచుకుని, వెళ్ళి పప్పు నానబోశాం.

అన్నట్లు, మన వారపత్రికల సీరియల్స్‌లో కూర్చున్న ఆడది ఎవరో గుర్తు చేసుకోండి. సోఫాలో కాలుమీద కాలు వేసుకుని, గోళ్ళరంగు ఆరబెట్టుకుంటూ కూర్చునేది ఎప్పుడూ సవతితల్లో, డబ్బున్న మేనత్తో, క్లబ్బులకెళ్ళే తోటికోడలో! కథానాయిక కూర్చోదు. ఆవిడ మంచం ఎక్కాలంటే జ్వరమైనా రావాలి, కళ్ళు తిరిగైనా పడాలి. కళ్ళు తిరిగితే మటుకు డాక్టరు నాడి చూసి నవ్వుతాడు, "కంగ్రాచ్యులేషన్స్!" అంటాడు. అంటే ఆవిడకి ఇంకో ఇరవై ఏళ్ళ పని దొరికిందన్నమాట. తమాషా ఏమిటంటే, ఆ సీరియల్‌ని మనం చదివేది మధ్యాహ్నం రెండింటికి నడుం వాల్చినప్పుడే. ఆ కాస్త చదువుకీ కార్టూన్లు తప్పలేదు. ఆవిడ చేతిలో నవల, పొయ్యిమీద మాడుతున్న కూర, గుమ్మంలో ఆఫీసు నుంచి వచ్చిన మొగుడు. ఎన్ని వేశారో! పేకాటలో మునిగిన మొగుడి మీద కూడా వేశారనుకోండి, కానీ ఆయన కూర మాడలేదుగా.

ఇక 'ఇల్లలకగానే'. ఇల్లలకగానే పండగ కాదన్న సామెతని సత్యవతిగారు విరిచి సగం పేరుగా పెట్టుకున్నారు. చదువుకున్న అమ్మాయి పెళ్ళిచేసుకుని, ఇల్లు అలికి, తుడిచి, ముగ్గులు పెట్టి, మెరిపించి, ఓరోజు ఆ తుడవడంలోనే 'నా పేరేమిటి?' అనుకుంటుంది. గుర్తు రాదు. చుట్టూ అడిగితే అమ్మ అంటారు, అమ్మగారంటారు, ఫలానావారి భార్య అంటారు. పేరు వెతుక్కుంటూ పుట్టింటికి వెళుతుంది. చివరికి పాత స్నేహితురాలు ఎదురై "శారదా!" అని పిలుస్తుంది. పిలవడమే కాదు, నువ్వు బాగా చదివేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని మిగతా మనిషినంతా తెచ్చి చేతిలో పెడుతుంది.

ఈ కథ గురించి మాట్లాడే వాళ్ళంతా పేరు గురించే మాట్లాడతారు. స్త్రీ అస్తిత్వం, గుర్తింపు అంటూ సభల్లో చాలా విన్నాం. మంచిదే. నాకు మాత్రం పేరుకన్నా సోఫా ముఖ్యమనిపిస్తుంది. శారద ఇంటికి తిరిగొస్తుంది. ఇల్లు దుమ్ము కొట్టుకుని వుంటుంది. ఒకప్పుడు ఆ దుమ్ము చూస్తే ప్రాణం విలవిల్లాడేది. ఇప్పుడు ఆ దుమ్ము సోఫాలోనే కూర్చుని, పుట్టింటినుంచి తెచ్చుకున్న తన చిన్ననాటి బొమ్మలు పిల్లలకి చూపిస్తుంది.

దుమ్ము దులపకుండా కూర్చోవడం! పేరు కనుక్కోవడానికి శారదకి స్నేహితురాలి సాయం కావలసివచ్చింది. ఈ కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు, తనంతట తనే చేసింది. విశ్రాంతంటే పని అంతా అయ్యాక మిగిలేది అని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. ఇంటిపని అయ్యేదెప్పుడు? సాయంత్రం తోమిన గిన్నె రాత్రికి ఎంగిలే. అంచేత మిగిలేదేమీ వుండదు. శారద పని మధ్యలో కూర్చుంది. ఎవరో "కాస్త రెస్టు తీసుకో అమ్మా" అని ఇచ్చిన సెలవు కాదది. తను నిర్ణయించుకుంది, కూర్చుంది. కథలో ఆ ఒక్క దృశ్యం కోసం నేను మిగతా కథంతా మళ్ళీ మళ్ళీ చదువుతాను.

మా పిన్నికి ఈ కథ చదివి వినిపించాను. శ్రద్ధగా విని, కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాగానే వుందిగానీ, మర్నాడు ఆ సోఫా ఎవరు దులిపారే?" అంది.

నవ్వొచ్చింది గానీ, ఇంతకన్నా సూటి ప్రశ్న ఏ విమర్శకుడూ ఆ కథని అడిగినట్టు లేదు. ఎవరు దులిపారు? మొగుడా, పిల్లలా, మళ్ళీ శారదేనా? కథ ఆ సాయంత్రం దగ్గర ఆగిపోతుంది. చిన్నకథ అక్కడ ఆగడమే అందం, ఒప్పుకుంటాను. పిన్ని ప్రశ్న అలాగే వుండిపోతుంది. జవాబు కావాలంటే సర్కారువారి లెక్కల్లో కొంత దొరుకుతుంది. రోజులో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని కేంద్ర గణాంక శాఖవారు 2019లో దేశమంతటా అడిగారు. ఇంటిపని చేసే స్త్రీలు అందులో గడిపేది సగటున రోజుకి 299 నిమిషాలు. చేసే పురుషులు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ అడిగారు. స్త్రీలకి 289, పురుషులకి 88. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు కలిసొచ్చాయి, సంతోషం. వాళ్ళకి తొమ్మిది కలిసొచ్చాయి. మన చేతిలోంచి జారిన పదినిమిషాల పని మిక్సీ చేసిందో, పనిమనిషి చేసిందో, అసలు చెయ్యడమే మానేశామో గానీ, మగవారి వాటాలోకి మటుకు పోలేదు. కాబట్టి పిన్నీ, సోఫా శారదే దులిపి వుంటుంది. కాకపోతే ఈసారి కాస్త ఆలస్యంగా.

మూడో కథ 'తన మార్గం'. ఈ పేరుతో వచ్చిన సంపుటికే ఛాయాదేవిగారికి 2005లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. బోన్సాయ్ మొక్కలా కుదించిన ఆడబతుకు గురించి ఆవిడ రాసిన కథ బడిపిల్లల పాఠ్యపుస్తకంలోకి వెళ్ళింది గనక దాన్ని ఇక్కడ విప్పి చెప్పను. 'తన మార్గం'లో ఆ మొక్కని కుండీలోంచి తీసి నేలలో పాతినట్టు వుంటుంది. భర్త పోయిన మనిషి. పిల్లలున్నారు. మన ఆనవాయితీ ప్రకారం ఆవిడిక కొడుకు దగ్గర కొన్నాళ్ళు, కూతురి దగ్గర కొన్నాళ్ళు, పెట్టె సర్దుకుంటూ, మనవల్ని ఎత్తుకుంటూ తిరగాలి. ఆవిడ తిరగదు. ఒంటరిగా వుంటాను, నా పద్ధతిలో వుంటాను అంటుంది. పోట్లాడి కాదు, అలిగి కాదు. జీవితం ఒక మలుపు తిరిగింది, ఆ మలుపులోంచి ఇలా వెళతాను అంటుంది, అంతే. వైధవ్యం అంటే కథ ముగింపు అనుకునే సాహిత్యంలో అక్కడ కథ మొదలుపెట్టడం చిన్న సాహసం కాదు.

ఆవిడ స్వయంగా అలాగే బతికారు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం లైబ్రరీలో మంచి ఉద్యోగంలో వుండి, తనంతట తానే విరమించుకున్నారు. పారేసే వస్తువులతో బొమ్మలు చేశారు. వరద రాజేశ్వరరావుగారు పోయిన తర్వాతి కాలంలో హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో వున్నారు. 2019 జూన్‌లో కన్నుమూసేదాకా అదే ఆవిడ ఇల్లు. మన సినిమాల్లో వృద్ధాశ్రమం అనగానే వర్షం, గేటు, మొహం చాటేసే కొడుకు, వయొలిన్! ఆవిడ విషయంలో వయొలిన్ అక్కర్లేకపోయింది.

ఇక నా పేచీ. 'సుఖాంతం'లో విశ్రాంతి రావాలంటే తను పోవాలి. 'తన మార్గం'లో విశ్రాంతి రావాలంటే ఆయన పోవాలి. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. రెంటికీ మధ్య, మొగుడు బతికుండగా, పిల్లలు ఇంట్లో వుండగా, అత్తగారు మందులు వేసుకుంటూ వుండగా, నలభయ్యో యేట ఒకావిడ మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకుని, లేచి, కోపం లేకుండా, నేరం చేసినట్టు లేకుండా టీ పెట్టుకున్న కథ ఏది? శారద దాని గుమ్మందాకా వచ్చి కూర్చుంది. లోపలికి వెళ్ళిన కథ నాకింతవరకూ దొరకలేదు.

ఎందుకు దొరకదో ఊహించగలను. కథకి సంఘర్షణ కావాలంటారు. ఆడది పడుకుంటే సంఘర్షణ ఏముంది? ఏం లేకపోవడమేమిటి! ఒక్కరోజు పగలు మూడింటిదాకా పడుకుని చూడండి, ఇంట్లో ఎన్ని అంకాల నాటకం నడుస్తుందో! "ఒంట్లో బాగాలేదా?" అని మొదలవుతుంది. బాగానే వుందంటే "మరి?" అంటారు. ఆ "మరి?"లో ఒక నవలకి సరిపడా సంగతి వుంది. పైగా నలభై దాటాక శరీరమే పాత పద్ధతికి ఒప్పుకోదు. రాత్రిళ్ళు ఉన్నట్టుండి చెమటలు, కారణం లేని చికాకు, పిల్లలు చదువులకి వెళ్ళిపోయిన గదులు. పదవీ విరమణ అనేది ఉద్యోగానికే గానీ వంటింటికి లేదు. పైపెచ్చు ఆయన రిటైరయితే ఈవిడకి రోజుకి మరో మూడు కాఫీలు పెరుగుతాయి. ఈ మార్పులన్నీ ఎదురుపడే వయసు మన కథల్లో ఖాళీగా వుంది. నాయిక పాతికేళ్ళప్పుడు పెళ్ళి దగ్గర ఆగిపోతుంది, మళ్ళీ అరవైలో మంచంమీద కనిపిస్తుంది. మధ్యలో ముప్ఫై అయిదేళ్ళు ఏం చేసిందండీ? వంట చేసింది.

ఆ ఖాళీలోకి ఇప్పుడు వేరేవాళ్ళు దూరారు. మీకోసం మీరు సమయం కేటాయించుకోండి, తెల్లవారుజామున అయిదింటికి లేచి ధ్యానం చెయ్యండి, డైరీ రాయండి, నూనె పట్టించుకోండి, ఫలానా రిసార్టులో రెండు రోజులు గడపండి అని పుస్తకాలు, వీడియోలు. పాపం మంచికే చెప్తారు. కానీ చూడండి, అది కూడా పనుల చిట్టాలో ఇంకో అయిదు పనులే! అయిదింటికి లేవాలట. మన 'సుఖాంతం' ఆవిడకి వినిపిస్తే ఏమనేదో!

ఛాయాదేవిగారి సంపుటి 'తన మార్గం', సత్యవతిగారి 'ఇల్లలకగానే' - రెండూ సంపాదించుకోండి. నేను చెప్పిన వరసలోనే మూడు కథలూ చదవండి, మధ్యలో 'ఇల్లలకగానే' వుండేలా. ఒక్క మధ్యాహ్నం చాలు. కుక్కరు కూతలు లెక్కపెట్టే బాధ్యత ఆ పూటకి ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించండి. వాళ్ళు మూడు అనుకుని అయిదు రానిస్తే రానివ్వండి. అన్నం కాస్త మెత్తబడుతుంది, అంతేగా.