నిలువు సాలు, అడ్డసాలు

మా కపిలేశ్వరపురంలో వరి రైతుకి కలుపు మీద మొదటి ఆయుధం నీళ్లు. గౌతమి ఒడ్డు, కాలవ కింద సాగు. నాటిన చేలో రెండంగుళాల నీరు నిలబెడితే చాలా కలుపు గింజలు మొలవనే మొలవవు. పత్తికి ఆ దారి లేదు. నీరు నిలిస్తే ముందు పత్తే ఉరకెత్తిపోతుంది.

అందుకే వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు నల్లరేగళ్లలో పాత పత్తి రైతుల పనితనమంటే నాకు అంత గౌరవం. కలుపు సంగతి వాళ్లు విత్తే రోజే తేల్చేస్తారు.

అచ్చు తోలడం చూడాలి. కొయ్య దూలానికి సమాన ఎడంలో పళ్లు బిగించి, చదును చేసిన దుక్కిలో ముందు నిలువుగా గీతలు లాగుతారు, తర్వాత వాటి మీదుగా అడ్డంగా. అవతలి గట్టున కర్ర పాతి, దాని మీదే చూపు నిలిపి మొదటి గీత నడపాలి. తిరిగి వచ్చేటప్పుడు చివరి పల్లు పాత గీతలోనే నడుస్తుంది కాబట్టి ఎడం చెదరదు. కానీ మొదటి గీత వంకరపోతే ఆ వంకర చేనంతా పాకుతుంది. గీతలు కలిసిన ప్రతిచోటా ఆడవాళ్లు ఒకటి రెండు గింజలు పెట్టి మట్టి కప్పుతారు. మూడడుగుల ఎడమైతే ఎకరానికి 4,800 పైచిలుకు పాదులు.

మొలిచిన రెండు మూడు వారాలకు గుంటక దిగుతుంది. లేత ఆకు కొరక్కుండా ఎడ్ల మూతికి చిక్కం కడతారు. ఇనుప బద్ద రెండు అంగుళాల లోతున పాకుతూ గరిక, తుంగల్ని మట్టిలోపలే కోస్తుంది. తుంగ గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది, అందుకే మళ్లీ మళ్లీ తోలాలి. పదును చూసే తోలాలి. తడి ఎక్కువైతే బద్దకి బంకమన్ను పట్టేస్తుంది, ఆరిపోతే పెళ్లలు లేస్తాయి. సరైన పదునులో పైమట్టి పొడిగా రాలి నెర్రెలు మూసుకుంటాయి, అడుగు తేమ అడుగునే ఉంటుంది.

రెండడుగుల బద్దతో నిలువుగా మాత్రమే తోలితే సాలు పొడవునా అడుగు వెడల్పు మిగులుతుంది, అంటే చేలో మూడో వంతు. అడ్డంగా కూడా తోలితే మొక్క చుట్టూ అడుగు చదరమే మిగులుతుంది: తొమ్మిదో వంతు. కొడవలి పట్టుకుని వంగేవాళ్లకి ఆ తేడా ఎంతో నడుముకే తెలుస్తుంది! కొమ్మలు కలిసి నేల కమ్ముకున్నాక, సుమారు రెండు నెలలకి, గుంటక ఆపేస్తారు. ఆపైన తోలితే పక్కవేళ్లు తెగుతాయి.

ముసురు పట్టిన వారాల్లో గుంటక దిగదు, నిజమే. ఎడ్లూ తగ్గాయి. ఆ సందులోనే కలుపుమందు తట్టుకునే, అనుమతి లేని విత్తనం దొంగచాటుగా ఊళ్లలోకి వచ్చింది, దాని వెంట గ్లైఫోసేట్ మందూ వచ్చింది. అమెరికా పత్తి చేలల్లో ఇరవయ్యేళ్ల క్రితమే తోటకూర జాతి కలుపొకటి ఆ మందుకి లొంగడం మానేసింది. బద్దకి తెగిన తుంగ మళ్లీ లేచినా, మళ్లీ తోలితే మళ్లీ తెగుతుంది.

ఇప్పుడు అధిక సాంద్రత సాగు అంటున్నారు. సాళ్ల మధ్య మూడడుగులే, మొక్కల మధ్య మాత్రం 15 సెంటీమీటర్లు. తేలిక నేలల్లో దిగుబడికి మేలే కావచ్చు. కానీ అడ్డసాలు దారి మూసుకుపోతుంది. మొక్కకీ మొక్కకీ మధ్య లేచే కలుపుని ఎవరు తీస్తారో, ఎంత కూలికి తీస్తారో విత్తకముందే రైతుకి చెప్పాలి.