గోడ మీది స్విచ్ పని చేయాలి

ఇంటి దీపాలను ఫోన్‌తోనో, వేళ ప్రకారమో వెలిగించే ఏర్పాటుకు కావలసిన సరంజామా కొద్దిదే: వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు, ఒక రిలే, 230 వోల్టులను 5 వోల్టులకు దించే పవర్ మాడ్యూల్. షాంఘై సంస్థ ఎస్ప్రెసిఫ్ చేసిన ఈఎస్‌పీ8266 చిప్ 2014లో బజారుకు వచ్చాక ఈ పని మామూలు ఇళ్లకు అందింది. టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు దానికి తోడయ్యాయి. ఇవి ఇంట్లోని వైఫైతోనే నడుస్తాయి. ఇంటర్నెట్ లేకపోయినా దీపం వెలుగుతుంది.

రిలేలో తీగచుట్ట ఒకటి, ఇనుప నాలుక ఒకటి ఉంటాయి. చుట్టకు 5 వోల్టులు అందగానే నాలుక ఒక కొన వదిలి, టిక్కుమంటూ రెండో కొనను తాకుతుంది. రిలే తెంచవలసింది ఫేజ్‌నే. న్యూట్రల్‌ను తెంచితే బల్బు ఆరినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది, బల్బు మార్చేవారికి షాక్ కొడుతుంది.

అసలు నేర్పంతా గోడ మీది స్విచ్ దగ్గరే. ఫోన్ ఉంటేనే వెలిగే దీపం ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు, చుట్టాలకు అక్కరకు రాదు. దీనికి మేడ మెట్ల దగ్గర ఎలక్ట్రీషియన్లు ఏనాటి నుంచో వేస్తున్న టూవే కనెక్షనే చక్కని దారి. రిలేలో నాలుక ఉన్న మధ్య కొనకు ఫేజ్ ఇచ్చి, మిగతా రెండు కొనలను టూవే స్విచ్ రెండు కొనలకు కలిపి, ఆ స్విచ్ మధ్య కొన నుంచి బల్బుకు వైరు లాగాలి. మెట్ల కింది స్విచ్ స్థానంలో రిలే వచ్చిందన్నమాట. బోర్డు కాలిపోయినా గోడ స్విచ్ దీపాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది. ఇందులో లోటు ఒక్కటే. దీపం వెలుగుతోందో లేదో బోర్డుకు తెలియదు, తన రిలే ఏ వైపు ఉందో మాత్రమే తెలుస్తుంది. దీపం సంగతి తెలియాలంటే బల్బు వైరులో కరెంటు ఉందో లేదో చూసి చెప్పే ఆప్టోకప్లర్ సర్క్యూట్ విడిగా పెట్టాలి.

మన ఊళ్లలో కరెంటు పోయి రావడం మామూలే. వచ్చిన ప్రతిసారీ బోర్డు మళ్లీ మొదలవుతుంది. ఈఎస్‌పీ8266లో 0, 2, 15 నంబర్ల పిన్నులకు ఆ సమయంలో వేరే పని ఉంటుంది కనుక, వాటికి కలిపిన రిలే ఊరికే టిక్కుమనవచ్చు, ఒక్కోసారి బోర్డు మొదలవకపోవచ్చు. 4, 5 పిన్నులు నమ్మదగినవి. పాత స్థితిని గుర్తుంచుకొనే సెట్టింగు కూడా పెట్టాలి. లేకుంటే అర్ధరాత్రి కరెంటు రాగానే పడకగదిలో దీపం వెలిగే వీలుంది.

పవర్ మాడ్యూల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదే కావాలి. కెపాసిటర్‌తో వోల్టేజీ దించే చవక సర్క్యూట్‌లో 5 వోల్టుల వైపు తాకినా మెయిన్స్ షాక్ తగలవచ్చు. స్విచ్‌బోర్డు విప్పే ముందు ఎంసీబీ దించండి, టెస్టర్‌తో ప్రతి వైరూ చూడండి. వైరింగ్‌లో చేయి తిరగనివారు బోర్డు వరకు తయారు చేసుకొని, గోడలోని కనెక్షన్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.