దస్త్రమునకు అందని పరిశోధన: ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’ చిత్ర విమర్శ

కార్యాలయముతో నిమిత్తము లేకుండ నేటి మానవునికి దినము గడవదు. జనన పత్రము మొదలు మరణ పత్రము వరకు ప్రతి ఘట్టమునకును ఒక దరఖాస్తు, ఒక ముద్ర, ఒక సంతకము కావలయును. ఈ పద్ధతి వలన మేలు లేకపోలేదు. అధికారి ఇష్టాయిష్టములతో పనిలేకుండ, వ్రాతలో నున్న నియమముల ననుసరించి వ్యవహారము సాగుటయే దీని బలమని జర్మను సామాజిక శాస్త్రజ్ఞుడు మాక్స్ వెబర్ వివరించెను. అయితే నియమము తెలిసిన విషయములను బట్టి ఏర్పడును. పరిశోధకుడు తెచ్చునది అంతవరకు ఎవరికిని తెలియనిది. ఈ రెండును ఎదురుపడినపుడు ఏమి జరుగునో తెలుపు చిత్రము, తపన్ సిన్హా దర్శకత్వమున 1990లో తయారైన ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’. దీనికి ఆయన ఉత్తమ దర్శకుడుగా జాతీయ బహుమతిని పొందెను.

రమాపద చౌధురి వ్రాసిన బెంగాలీ నవల ‘అభిమన్యు’ ఈ చిత్రమునకు ఆధారము. డాక్టరు దీపాంకర్ రాయ్ ప్రభుత్వ వైద్యుడు. పగలు ఆసుపత్రి కొలువు, రాత్రి ఇంటిలో పరిశోధన. ఏండ్ల తరబడి శ్రమించి కుష్ఠువ్యాధికి టీకా కనుగొనును. వార్త పత్రికల కెక్కగనే ప్రశంసకు బదులు సంజాయిషీ వంతగును. తుదకు మారుమూల గ్రామమునకు బదిలీ యగును, పని ఆగిపోవును, కీర్తి ఇద్దరు అమెరికను వైద్యులకు దక్కును. పంకజ్ కపూర్ చూపిన ముక్కోపము, ఏకాగ్రత, భార్యగా షబానా ఆజ్మీ చూపిన ఓర్పు, కార్యాలయపు ఉత్తరువు ఒక ఇంటి గడప దాటి లోనికి వచ్చుటను కన్నులకు కట్టును.

ఈ కథకు వెనుక నిజజీవిత మొకటి కలదు. 1978 జూలై 25న ఇంగ్లండులో ప్రపంచపు మొదటి పరీక్షనాళిక శిశువు జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలముగ ‘దుర్గ’ పుట్టినది. ఆయన పిండమును అతిశీతల స్థితిలో నిలువచేసి, తరువాత తల్లి గర్భమున ప్రవేశపెట్టెను. ఘనీభవింపజేసిన పిండమునుండి శిశువు పుట్టుట సాధ్యమని లోకము అంగీకరించినది 1984లో మాత్రమే! పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రజ్ఞుడు. సంఘము ఆయన మాటను నమ్మలేదు. జపాను నుండి ఆహ్వానము రాగా పోవుటకు అనుమతి లభింపలేదు. 1981లో ఆయనను కంటి వైద్య సంస్థకు బదిలీ చేసిరి. ఆ సంవత్సరము జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసికొనెను.

చిత్రమును ఈ చరిత్ర ప్రక్కన నుంచి చూచినపుడు దాని లోపము బయటపడును. దర్శకుడు దోషమును ఎక్కువగా పై అధికారుల అసూయపై మోపినాడు. అసూయాపరుడు తొలగినచో అంతయు చక్కబడునని ప్రేక్షకుడు భ్రమపడవచ్చును. వాస్తవమున అంతకంటె కఠినమైన సంగతి వేరొకటి కలదు. సంఘము వేయుట, విచారించుట, నివేదిక వ్రాయుట, బదిలీ చేయుట, ఇవన్నియు పద్ధతి ప్రకారము జరిగినవే. విషయము తెలిసినవాడే విచారింపవలెనను నియమ మొక్కటి కొరవడినది. ఎవరికిని ద్వేషము లేకున్నను ఇట్టి యంత్రము మనిషిని నలుపగలదు.

టెస్ట్‌ట్యూబు శిశువునకు బదులు టీకాను గ్రహించుటలో మరియొక నష్టము కలిగినది. నాయకుడు నిస్సందేహముగ గెలిచినవాడని చిత్రము ముందే తేల్చివేయును. కాని అపూర్వమైన విషయమును ఎవరైనను ప్రకటించినపుడు ఋజువు అడుగుట తప్పు కాదు, అది శాస్త్రధర్మమే. ఎవరు అడుగవలెను, ఎట్లు అడుగవలెను అనునదే అసలు ప్రశ్న. చిత్రము ఆ ప్రశ్నను తాకలేదు.

దానికి సమాధానము చిత్రము వెలువడిన ఏడేండ్లకు లభించినది. 1986 ఆగస్టు 6న బొంబాయిలో జన్మించిన ‘హర్ష’ను దేశపు మొదటి పరీక్షనాళిక శిశువుగా అందరును ఎంచిరి. ఆ విజయమున ప్రముఖ భాగస్వామి శాస్త్రజ్ఞుడు టి. సి. ఆనందకుమార్. ఆయనయే ముఖోపాధ్యాయ విడిచిపోయిన వ్రాతలను చదివి, మొదటి స్థానము తమది కాదు, ఆయనదేనని 1997లో ప్రకటించెను. చేతికందిన గౌరవమును తానుగా వదలుకొనిన ఈ శాస్త్రజ్ఞుని సత్యనిష్ఠ ఏ చిత్రకథకును తీసిపోదు.

ముఖోపాధ్యాయను క్రుంగదీసినవి కాగితములే. ఆయన పేరును నిలిపినవియు కాగితములే. భేదమెల్ల చదివినవారిలో నున్నది. తెలిసినవాడు పదునారేండ్ల ముందు చదివియున్నచో, ఈ చిత్రమునకు మరియొక పేరు పెట్టవలసి వచ్చెడిది.