జీవో రాసే చెయ్యి

ప్రభుత్వం అనగానే మంత్రో కలెక్టరో గుర్తొస్తారు. నాకైతే వెలగపూడి సచివాలయంలో జీవో చిత్తుప్రతి రాసే సెక్షన్ ఆఫీసరంటే గౌరవం. ఊరి బడికి రెండు గదులు కావాలన్న ప్రతిపాదన విద్యాశాఖ కార్యాలయం నుంచి వస్తే, అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ నోట్ పెడతారు: అడిగిందేమిటి, రూలేమంటోంది, లోగడ ఏం చేశారు. పేరాలన్నిటికీ వరుస నంబర్లుంటాయి. పైవాళ్లు ‘పేరా 7 చూడండి’ అంటే చాలు. డబ్బుతో పనైతే ఆర్థిక శాఖ సరేననాలి, తర్వాత కార్యదర్శి, మంత్రి. ఫైలు కిందికి దిగాకే అసలు పనితనం. జీవోలో పైన రెండు ముక్కల్లో సారాంశం, దాని కింద చూసిన కాగితాల జాబితా, ఆ తర్వాత ఉత్తర్వు. ‘మంజూరు చేయవచ్చు’ అన్న అర్థం రాకూడదు, ‘చేయడమైనది’ అనే రావాలి. ఖర్చు రాయాల్సిన పద్దు తప్పితే ట్రెజరీలో బిల్లు కదలదు, మళ్లీ సవరణ జీవో. (ఇంకా చాలావరకు ఇంగ్లీషులోనే రాస్తున్నారు, అది వేరే బాధ.) గుమస్తాగిరీ అని తీసిపారేసేవాళ్లు ఒక్క జీవో రాసి చూడాలి! చివర ‘గవర్నర్ ఉత్తర్వు మేరకు, గవర్నర్ పేరిట’ అన్న మాట, రాజ్యాంగం 166వ అధికరణం చలవ. దాని కింద కార్యదర్శి పేరు. ఇంకా కింద, ప్రతులు పంపుతూ సంతకం పెట్టేది మాత్రం సెక్షన్ ఆఫీసరే. అకౌంటెంట్ జనరల్‌కొకటి, కలెక్టరుకొకటి పోతాయి. ఇంజినీరు టెండరు పిలిచేది ఆ కాగితం అందాకే.